జయలలిత ఆస్తుల కేసు: హైకోర్టుకి 8.12 శాతం ఎలా వచ్చింది? అసలు లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణలంక_కుర్రోడు
2015లో జయలలితను నిర్దోషి అన్న కర్ణాటక హైకోర్టు తీర్పులో కూడిక తప్పు పడిందని అందరూ అంటారు గానీ, ఏ వరుసలో పడింది, దిద్దితే ఎంత వస్తుంది అన్నది ఎవరూ చెప్పరు. ఇంకో రెండు సందేహాలు. పది శాతం దాకా పర్లేదు అనే రూలు ఏ చట్టంలో ఉంది? చివరికి ఆవిడ దోషి కింద లెక్కా, నిర్దోషి కింద లెక్కా? చీరలు, చెప్పుల కథలు వద్దు బాబూ, అవి విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

లెక్కల_శాస్త్రి
ముందు సూత్రం. ఒక గడువు పెట్టుకుంటారు, దాన్ని చెక్ పీరియడ్ అంటారు. ఈ కేసులో 1991 జూలై 1 నుంచి 1996 ఏప్రిల్ 30 వరకు, అంటే దాదాపు ఆవిడ మొదటి ముఖ్యమంత్రి హయాం మొత్తం. గడువు మొదట్లో ఉన్న ఆస్తి పక్కన పెట్టి, ఆ గడువులో కొత్తగా చేరిన ఆస్తి తీసుకుంటారు. దానికి అదే గడువులో పెట్టిన ఖర్చు కలుపుతారు. అందులోంచి చట్టబద్ధమైన ఆదాయం తీసేస్తారు. మిగిలిందే మించిన ఆస్తి. దాన్ని ఆదాయంతో భాగించి నూరుతో గుణిస్తే శాతం.

బెంగళూరు ప్రత్యేక కోర్టు (జడ్జి జాన్ మైఖేల్ డి'కున్హా, 2014 సెప్టెంబర్ 27) వేసిన లెక్క ఇది:

చేరిన ఆస్తి 55,02,48,215
ఖర్చు 8,49,06,833
ఆదాయం 9,91,05,094
మించినది 53,60,49,954

ఆదాయంతో భాగిస్తే సుమారు 541 శాతం. ఛార్జిషీటులో ఉన్న 66.65 కోట్ల అంకెను ఆయన యథాతథంగా ఒప్పుకోలేదు. భవన నిర్మాణాల విలువలో 20 శాతం కోసేశారు, దత్తపుత్రుడి పెళ్లి ఖర్చు 6.45 కోట్లంటే 3 కోట్లకే ఒప్పుకున్నారు. అంత తగ్గించినా మిగిలింది అది. శిక్ష నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా.

కృష్ణలంక_కుర్రోడు
సరే సార్, మరి హైకోర్టు?

లెక్కల_శాస్త్రి
జస్టిస్ కుమారస్వామి (2015 మే 11) రెండు వైపుల నుంచీ నరుక్కొచ్చారు. ఆస్తి వైపు తగ్గించారు, ఆదాయం వైపు పెంచారు.

ఆస్తి వైపు: ప్రాసిక్యూషన్ మొత్తం 66,44,73,573. ఇందులోంచి నిర్మాణాల విలువ 27,79,88,945, పెళ్లి ఖర్చు 6,45,04,222 పూర్తిగా తీసేస్తే 32,19,80,406. తర్వాత తాను సబబనుకున్న విలువలు తిరిగి కలిపారు: నిర్మాణాలకు 5,10,54,060, పెళ్లికి 28,68,000. మొత్తం 37,59,02,466.

ఆదాయం వైపు: ప్రాసిక్యూషనే ఒప్పుకున్న 9,34,26,054. దానిపైన అప్పులు 18,17,46,000, ద్రాక్షతోట 46,71,600, బహుమతులు 1.5 కోట్లు, సూపర్ డూపర్ టీవీ 1 కోటి, జయ పబ్లికేషన్స్ - నమదు ఎంజీఆర్ పత్రిక 4 కోట్లు, శశి ఎంటర్‌ప్రైజెస్ 25 లక్షలు, అద్దెలు 3,22,000. మొత్తం 34,76,65,654.

తేడా 2,82,36,812. శాతం 8.12. పది లోపే కాబట్టి నిర్దోషి అన్నారు.

తప్పు పడింది అప్పుల వరుసలో. తీర్పులోనే బ్యాంకు అప్పుల పట్టిక ఉంది, కింద మొత్తం 24,17,31,274 అని వేశారు. అవే పద్దులు చేత్తో కూడండి, 10,67,31,274 వస్తుంది. సరిగ్గా 13.5 కోట్లు ఎక్కువ పడింది. అందులోంచి, ప్రాసిక్యూషన్ ముందే లెక్కలో పట్టుకున్న 5,99,85,274 తీసేసి 18.17 కోట్లు అన్నారు. సరైన అంకె 4,67,46,000.

దిద్దితే ఆదాయం 21,26,65,654కి పడుతుంది. మించిన ఆస్తి 16,32,36,812. శాతం 76.76. హైకోర్టు తగ్గించిన విలువలు, పెంచిన ఆదాయాలు అన్నీ అలాగే ఉంచి, ఒక్క కూడిక సరిచేస్తేనే ఇంత.

నాంపల్లి_వకీలు
శాస్త్రిగారూ, ఇంకొకటి చూడండి. ఆ పట్టికలో ఖర్చుల వరుస ఎక్కడుంది? పెళ్లి ఖర్చు ఒక్కటే, అదీ ఆస్తుల మొత్తంలో కలిపినట్టు చూపి తీశారు. ప్రాసిక్యూషన్ చెప్పిన మొత్తం ఖర్చు 11,56,56,833.

లెక్కల_శాస్త్రి
అవును, నేను చెప్పడం మరిచాను. పెళ్లి పోను మిగిలిన ఖర్చు 5,11,52,611. దాన్ని 2.82 కోట్లకు కలిపితే 7.93 కోట్లు, అంటే 22.8 శాతం. అప్పుల కూడిక దిద్దకుండానే పది దాటింది, ఇరవయ్యీ దాటింది. (ఖర్చు అంకె ప్రాసిక్యూషన్ చెప్పిందే తీసుకున్నాను, కోతలు పెడితే కొంచెం తగ్గుతుంది.) అందరూ 13.5 కోట్ల గురించే మాట్లాడారు, ఈ వరుస సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నాంపల్లి_వకీలు
ఇక పది శాతం సంగతి. ఏ చట్టంలోనూ లేదు. 1977లో కృష్ణానంద్ అగ్నిహోత్రి కేసులో సుప్రీంకోర్టు అన్న మాట అది. అక్కడ మొత్తం ఆదాయం 1,27,715 రూపాయలు, మించింది 11,350 చిల్లర. తొమ్మిది శాతం లోపే, ఇంత చిన్న తేడాకు దోషి అనలేం అన్నారు. ఒక ఉద్యోగి ఇంటి లెక్కలో పడే వెసులుబాటు అది. దాన్నే తర్వాత వకీళ్లంతా సూత్రం చేసుకున్నారు.

మనవాళ్లకు ఆసక్తి కలిగించే ముక్క: హైకోర్టు తీర్పు అక్కడితో ఆగలేదు. 20 శాతం దాకా ఉపేక్షించవచ్చని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన సర్క్యులర్‌ని కూడా ఉదహరించింది. తమిళనాడు ముఖ్యమంత్రి మీద కేసు, నడిచింది కర్ణాటకలో, ఆసరా మన సర్క్యులర్. అది శాఖాపరమైన పనికోసం ఇచ్చిన సర్క్యులర్, క్రిమినల్ కోర్టును కట్టేసేది కాదు. 2017 ఫిబ్రవరి 14న జస్టిస్ పినాకి చంద్ర ఘోష్, జస్టిస్ అమితవ రాయ్ ఈ వాదననే కొట్టిపారేశారు. కోట్లలో తేడా ఉన్నచోట అగ్నిహోత్రి కేసు వర్తించదన్నారు.

సిరిసిల్ల_రవి
అన్నా, ఒక డౌటు. అప్పును ఆదాయం కింద ఎట్ల పడతరు? తిరిగి కట్టాల్సిందే గదా.

నాంపల్లి_వకీలు
మంచి ప్రశ్న తమ్ముడూ. ఇక్కడ ఆదాయం అంటే జీతం, లాభం మాత్రమే కాదు, ఆస్తి కొనడానికి వాడిన చట్టబద్ధమైన డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న. బ్యాంకు అప్పుతో కొన్న స్థలానికి ఆ అప్పే వివరణ. అందుకే నిజంగా చేతికొచ్చిన అప్పును ఆదాయం వైపు రాస్తారు. కాకపోతే మూడు చూడాలి. మంజూరైనంత మొత్తమూ తీసుకున్నారా? ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి కోటిన్నర ఉన్నంత మాత్రాన కోటిన్నర రాదు. అదే అప్పు ఇంకో పద్దులో ముందే పట్టారా? గడువు లోపల తిరిగి కట్టిన కిస్తీలు, వడ్డీలు ఖర్చు వైపు రాశారా? ఈ మూడింట్లో ఏది తప్పినా లెక్క వాచిపోతుంది.

ఉల్లిపాయల_వీధి
చీరలు వద్దన్నారు గానీ ఒక ముక్క చెప్పాల్సిందే. టీవీల్లో 10,500 చీరలు, 750 జతల చెప్పులు అంటూ చూపించారు కాబట్టి కేసంతా దాని మీదే నడిచిందనుకుంటారు. లెక్కలో వాటి బరువు అత్యల్పం. 66 కోట్లలో దాదాపు 28 కోట్లు భవనాలవే: పోయెస్ గార్డెన్‌లో అదనపు కట్టడాలు, హైదరాబాద్ తోటలో కట్టినవి, పయ్యనూర్, సిరుతావూరు. కేసు నిలబడ్డా పడినా ఇంజనీర్ల అంచనా మీదే. పబ్లిక్ వర్క్స్ ఇంజనీర్లు గది గదికీ తిరిగి రాళ్లు, కలప, విద్యుత్తు విడివిడిగా లెక్కగట్టారు. హైకోర్టు చదరపు అడుగుకు ఒక రేటు వేసి 27.79ని 5.10 చేసింది. ట్రయల్ కోర్టు మాత్రం అంచనా ఎప్పుడూ అంచనాయే కాబట్టి 20 శాతం తగ్గిద్దాం అంది. నాకు రెండోదే పద్ధతిగా కనిపిస్తుంది. ఏ ఏసీబీ కేసైనా చూడండి, బంగారం తూకానికి దొరుకుతుంది, భూమికి దస్తావేజు ఉంటుంది, కొట్లాటంతా సిమెంటు దగ్గరే.

మేడ్చల్_మల్లేశ్
హైదరాబాద్ తోట మాటొచ్చింది గాబట్టి చెప్తున్న. జీడిమెట్ల, పేట్‌బషీరాబాద్ దిక్కు ఉన్న ద్రాక్షతోట అది. అమ్మ సంధ్య పేరు మీద 1960ల చివర్ల కొన్నది, పోయెస్ గార్డెన్ ఇల్లు లెక్కనే. చెక్ పీరియడ్‌కు శానా ముందటిది, అందుకే భూమి మీద కేసు లేదు. పంచాయితీ అంతా పంట మీద. ఐదేండ్ల ద్రాక్ష ఆదాయం 52.5 లక్షలని ఆమె తరఫున చెప్పిన్రు. డీవీఏసీ (తమిళనాడు ఏసీబీ) వాళ్లు ఉద్యానశాఖ లెక్క పట్టుకొని 5.78 లక్షలే ఒప్పుకున్నరు. ట్రయల్ కోర్టు 10 లక్షలన్నది. హైకోర్టు ఆమె చెప్పినంతా ఇచ్చింది. పైన పట్టికల 46,71,600 అంటే 52.5లకెల్లి ఆ 5.78 తీసేసిందే.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, రసీదులు ఉండవు. రాజకీయ నాయకులందరికీ తోటలెందుకు ఉంటయో ఇగ వేరే చెప్పాల్నా?

నాంపల్లి_వకీలు
మల్లేశ్ గారి మాట నిజం. కానీ ఇక్కడ పన్ను రిటర్న్ కూడా కాపాడలేదు. నమదు ఎంజీఆర్ పత్రిక డిపాజిట్ పథకం సంగతి చూడండి. చందాదారులు డిపాజిట్ కడితే రోజూ పత్రిక ఉచితంగా ఇస్తామన్న పథకం, దాని ద్వారా కోట్లు వచ్చాయన్నారు. ఆ వివరాలున్న రిటర్నులు కేసు పెట్టాక, ఛార్జిషీటు పడ్డాక దాఖలయ్యాయి. ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకుని పన్ను కట్టించుకుంటే ఆ డబ్బు మీద పన్ను కట్టారని మాత్రమే తేలుతుంది, ఎక్కడ నుంచి వచ్చిందో తేలదు. బహుమతులదీ అంతే. 1992లో 44వ పుట్టినరోజుకు వచ్చిన డీడీలు, నగదు. పదవిలో ఉన్న మనిషికి వచ్చిన కానుక చట్టబద్ధమైన ఆదాయం ఎలా అవుతుందని ట్రయల్ కోర్టు తోసేసింది. హైకోర్టు కోటిన్నర ఇచ్చింది, సుప్రీం మళ్లీ తీసేసింది.

మైలాపూర్_తెలుగు
ఈ కేసుకు ముందున్నది చెప్పకపోతే కథ సగమే. టాన్సీ కేసు. గిండీలో తమిళనాడు చిన్న పరిశ్రమల సంస్థ భూములు, షెడ్లను 1992లో జయలలిత, శశికళ భాగస్వాములుగా ఉన్న జయ పబ్లికేషన్స్, శశి ఎంటర్‌ప్రైజెస్ కొన్నాయి. మార్గదర్శక విలువ కంటే బాగా తక్కువకి. 2000 అక్టోబర్ 9న ఆవిడకు ఒకదాంట్లో మూడేళ్లు, రెండో దాంట్లో రెండేళ్లు శిక్ష పడింది.

రెండేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడితే ప్రజా ప్రాతినిధ్య చట్టం 8(3) కింద అనర్హత. మద్రాస్ హైకోర్టు శిక్ష అమలును ఆపింది గానీ దోషి అన్న తీర్పును ఆపలేదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. జైలుకు వెళ్లనక్కర్లేదు అంటే పోటీ చేయొచ్చని కాదు. 2001 ఎన్నికల్లో ఆవిడ ఆండిపట్టి, కృష్ణగిరి, పుదుక్కోట్టై, భువనగిరి నాలుగు చోట్లా నామినేషన్ వేస్తే నాలుగూ తిరస్కరించారు, శిక్ష పడినందుకు.

నాంపల్లి_వకీలు
చిన్న సవరణ. మూడే శిక్ష కారణంగా. నాలుగోది, ఒక మనిషి రెండు స్థానాలకు మించి నామినేషన్ వేయకూడదన్న అదే చట్టం 33(7) కింద పోయింది.

మైలాపూర్_తెలుగు
అవునండి, నాదే పొరపాటు. పార్టీ గెలిచింది, గవర్నర్ ఫాతిమా బీవీ 2001 మే 14న ప్రమాణం చేయించారు. రాజ్యాంగం 164(4) అధికరణ ప్రకారం శాసనసభ్యత్వం లేకున్నా ఆరు నెలలు మంత్రిగా ఉండొచ్చు కదా అన్నది వాదన. సెప్టెంబర్ 21న బి.ఆర్. కపూర్ కేసులో ఐదుగురు జడ్జీలు దాన్ని కొట్టేశారు: ఆరు నెలల వెసులుబాటు ఎన్నికయ్యే అర్హత ఉన్నవాళ్లకే. ఆ రాత్రే పన్నీర్‌సెల్వం ముఖ్యమంత్రి. డిసెంబర్ 4న మద్రాస్ హైకోర్టు టాన్సీలో నిర్దోషి అంది, 2002 ఫిబ్రవరిలో ఆండిపట్టి ఉప ఎన్నిక, మార్చి 2న మళ్లీ కుర్చీ.

2003 నవంబర్ 24న సుప్రీంకోర్టు ఆ నిర్దోషిత్వాన్ని సమర్థించింది. ధర్మాసనంలో జస్టిస్ రాజేంద్ర బాబు, మన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. మంత్రులు ప్రభుత్వ ఆస్తి కొనకూడదన్న ప్రవర్తనా నియమావళి ఉంది, కానీ దానికి చట్టబలం లేదు కాబట్టి నేరం కాదన్నారు. అంతటితో వదల్లేదు, అంతరాత్మకు సమాధానం చెప్పుకుని భూమి తిరిగి ఇచ్చేయాలన్నారు.

సిరిసిల్ల_రవి
1997 ఛార్జిషీటుకు 2014ల తీర్పు. పదిహేడేండ్లు ఏం జేసిన్రు?

మైలాపూర్_తెలుగు
మూడు దశలుగా చూడు రవీ. మొదట 1997 నుంచి 2001 దాకా చెన్నైలో సాక్షుల విచారణ సాగింది, మొత్తం 259 మంది ప్రాసిక్యూషన్ సాక్షులు. తర్వాత ఆవిడ అధికారంలోకి వచ్చారు. విచారణ అయిపోయిన సాక్షుల్లో 76 మందిని మళ్లీ పిలిచారు, 64 మంది ముందు చెప్పింది కాదన్నారు. సొంత సాక్షులు అలా అడ్డం తిరిగితే వాళ్లను మళ్లీ ప్రశ్నించాలని ప్రభుత్వ న్యాయవాది అడగనే లేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 313 కింద నిందితురాలిని కోర్టులో అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇంటికే పంపారు. డీఎంకే నేత అన్బళగన్ ఈ జాబితా పట్టుకునే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2003 నవంబర్ 18న కేసు బెంగళూరుకు మారింది. మూడో దశలో తమిళ కాగితాలన్నీ ఇంగ్లీషులోకి అనువదించాల్సి వచ్చింది, ఆపైన వాయిదా మీద వాయిదా పిటిషన్లు. 2011లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాకే స్వయంగా బెంగళూరు వచ్చి 1,339 ప్రశ్నలకు జవాబిచ్చారు.

ఉల్లిపాయల_వీధి
అప్పీలు దశలో ఇంకో లోపం ఉంది. హైకోర్టులో ప్రాసిక్యూషన్ తరఫున నిలబడ్డ భవానీసింగ్‌ను నియమించింది తమిళనాడు. కేసు కర్ణాటకకు మారాక ఆ అధికారం కర్ణాటకదే. నియామకం చెల్లదని సుప్రీంకోర్టు 2015 ఏప్రిల్ 27న తేల్చేసరికి వాదనలు అయిపోయాయి. కర్ణాటకకు రాతపూర్వకంగా చెప్పుకోమన్నారు తప్ప వాదనలు మళ్లీ వినలేదు. తీర్పు రెండు వారాల్లో వచ్చింది. ఎదురుగా కూడికలు సరిచూసే మనిషి నిలబడి ఉంటే ఆ పట్టిక అలా బయటికొచ్చేదా?

కృష్ణలంక_కుర్రోడు
2014లో పదవి ఎలా పోయింది? అప్పీలు వేస్తే మూడు నెలలు ఆగేది కదా పూర్వం.

నాంపల్లి_వకీలు
ఆ మూడు నెలల రక్షణ ప్రజా ప్రాతినిధ్య చట్టం 8(4)లో ఉండేది. 2013 జూలై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన లిలీ థామస్ తీర్పుతో పోయింది. కాబట్టి తీర్పు రోజునుంచే అనర్హత. శ్రీరంగం సీటు ఖాళీ అయినట్టు నవంబర్‌లో ప్రకటించారు. ఇక్కడ వర్తించింది 8(3) కాదు, 8(1)(ఎం). అవినీతి నిరోధక చట్టం కింద ఒక్కరోజు జైలు పడినా, ఉత్త జరిమానా పడినా చాలు. జరిమానా మాత్రమే అయితే తీర్పు నుంచి ఆరేళ్లు. జైలు అయితే విడుదలయ్యే దాకా, ఆపైన ఇంకో ఆరేళ్లు. నాలుగేళ్ల శిక్ష కాబట్టి మొత్తం పది. నిర్దోషి అన్నారు కాబట్టి ఎనిమిది నెలల్లోపే తిరిగొచ్చారు: 2015 మే 23న ప్రమాణం, జూన్‌లో ఆర్కే నగర్ ఉప ఎన్నిక.

కృష్ణలంక_కుర్రోడు
మరి నా చివరి ప్రశ్న? దోషా, కాదా?

నాంపల్లి_వకీలు
సాంకేతికంగా కాదు. ఆవిడ 2016 డిసెంబర్ 5న చనిపోయారు. సుప్రీంకోర్టు జూన్‌లోనే తీర్పు రిజర్వు చేసింది, చెప్పింది ఫిబ్రవరిలో. నిర్దోషి అన్న తీర్పు మీద ప్రభుత్వం వేసిన అప్పీలు నిందితుడు చనిపోతే ముగిసిపోతుంది, అప్పటి సీఆర్పీసీ 394లో అలాగే ఉండేది. కాబట్టి ఆవిడ మటుకు అప్పీలు రద్దయింది.

ఉల్లిపాయల_వీధి
వకీలుగారూ, అంత తేలిగ్గా చెబితే ఎలా? ట్రయల్ కోర్టు తీర్పును సుప్రీంకోర్టు పూర్తిగా పునరుద్ధరించింది. మిగతా ముగ్గురు నిందితుల (శశికళ, ఇళవరసి, సుధాకరన్) నేరమే ఆవిడకు సాయపడడం, ఆవిడతో కుట్ర. ప్రధాన నిందితురాలి పాత్ర తేల్చకుండా వాళ్లను జైలుకు పంపడం కుదరదు. ఒకే చిరునామాలో నివాసం, ఒకేరోజు పుట్టిన పది సంస్థలు, యాభైకి పైగా ఖాతాల మధ్య అడ్డూ అదుపూ లేకుండా తిరిగిన డబ్బు, ఇవన్నీ తీర్పులో ఆవిడ గురించి రాసినవే.

నాంపల్లి_వకీలు
రాశారు, కాదనను. తీర్పులో నిర్ధారణ ఉంది, ఆవిడ మీద శిక్ష లేదు. అందుకే 100 కోట్ల జరిమానా వసూలు కాలేదు. దానికోసం కర్ణాటక రివ్యూ వేస్తే 2017 ఏప్రిల్‌లో కొట్టేశారు. మీరు ఫలానా దోషి అని రాస్తే నేను కొట్లాడను, కానీ కోర్టు కాగితంలో ఆ మాట చెల్లదు.

ఉల్లిపాయల_వీధి
జప్తు మాత్రం చెల్లిందిగా! లెక్స్ ప్రాపర్టీ, మెడో ఆగ్రో, రివర్‌వే ఆగ్రో, రామరాజ్ ఆగ్రో, సిగ్నోరా, ఇండో దోహా కెమికల్స్, ఈ ఆరు కంపెనీల పేర ఉన్న భూములు ప్రభుత్వపరం. బంగారం కూడా. చెక్ పీరియడ్‌కు ముందే ఉన్నందుకు 7,040 గ్రాములు పక్కన పెట్టమని ట్రయల్ కోర్టే చెప్పింది. మేనకోడలు, మేనల్లుడు నగలు మాకివ్వాలని అడిగితే 2025 జనవరిలో కర్ణాటక హైకోర్టు కుదరదంది. ఫిబ్రవరిలో నగలు, భూముల కాగితాలు బెంగళూరు కోర్టు నుంచి తమిళనాడు అధికారులకు అప్పగించారు.

సిరిసిల్ల_రవి
మరి పోయెస్ గార్డెన్ ఇల్లు ఎట్ల దక్కింది వాళ్లకు?

ఉల్లిపాయల_వీధి
1967లో కొన్నది. కేసులో ఉన్నది అదనపు కట్టడాల ఖర్చే, ఇల్లు కాదు. స్మారకం చేద్దామని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటే 2021 నవంబర్‌లో మద్రాస్ హైకోర్టు రద్దు చేసింది, తాళాలు వారసుల చేతికొచ్చాయి.

లెక్కల_శాస్త్రి
ఇప్పటి కేసులకు ఈ లెక్క వేసేవాళ్లకు ఒక సూచన. అవినీతి నిరోధక చట్టంలో 13(1)(ఇ) అని వెతక్కండి. 2018 సవరణ తర్వాత ఆ నేరం 13(1)(బి)లో ఉంది. శిక్ష కూడా జయలలిత కేసులో 1 నుంచి 7 ఏళ్లు, 2014 నుంచి 4 నుంచి 10. చెక్ పీరియడ్ ఎప్పటిదో చూసి ఆనాటి సెక్షనే పట్టుకోండి.

మేడ్చల్_మల్లేశ్
శాస్త్రిగారు, పైన మీరు వేసిన ఆదాయం వరుసలన్నీ కూడి చూసిన. 34,76,65,654 సరిగ్గనే వచ్చింది. అప్పుల పట్టిక ఒక్కటే తప్పు.